బడి తెరిచే ముందు అయ్యవారు వచ్చేవారు

మా ఊళ్లో బడి తెరుస్తున్నారన్న కబురు ముందు తప్పెట చెప్పేది. తర్వాత అయ్యవారు ఇంటికొచ్చి చెప్పేవారు.

1980ల మొదట్లో సంగతి ఇది. ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు మెట్ట ఊరు మాది. వానలు పడితే సజ్జ, కంది, ఆముదం. పడకపోతే ఇళ్లకు తాళాలు వేసుకుని ఇళ్లు కట్టే బేల్దారి పనులకు మద్రాసో బెంగళూరో పోవడమే. అప్పటికి మండలాలు రాలేదు, సమితులే. బడి గోడ మీద 'పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాల' అని నీలం రంగు అక్షరాలు ఉండేవి. ఐదు తరగతులకు ఇద్దరు అయ్యవార్లు. వాళ్లలో పెద్దయ్యవారు పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవారు. నేను చెప్పబోయేది ఆయన గురించే.

జూన్ మొదటి వారంలో ఓ సాయంత్రం తలారి తప్పెట తీసుకుని రచ్చబండ దగ్గర మొదలుపెట్టేవాడు. "పదమూడో తేదీన బడి తెరుస్తారహో! ఐదేళ్లు నిండిన పిల్లకాయల్ని బడిలో వెయ్యాలహో!" అని వీధివీధికీ ఆగి అరిచేవాడు. పల్లెలోనూ, వడ్డెపాలెంలోనూ చాటించి వస్తేగానీ ఆ పని అయినట్టు కాదు. తప్పెట వినగానే మేం ఆటలు ఆపి వాడి వెంట పడేవాళ్లం. సెలవులు అయిపోతున్నాయన్న దిగులు ఓ పక్క, కొత్త పలక కొనిస్తారన్న ఆశ ఓ పక్క.

అయ్యవారికి మాత్రం చాటింపు మీద అంత నమ్మకం ఉండేది కాదు. ఆ వేళకి ఊళ్లో సగంమంది చేలో ఉంటారు. మిగతావాళ్లు విన్నా, వాళ్లకి అప్పుడున్న తొందర విత్తనాలది, అప్పులది. అందుకని ఆయన పని ఏప్రిల్‌లోనే మొదలయ్యేది. చివరి రోజున పాసైనవాళ్ల పేర్లు చదివాక, ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి "ఎండాకాలం మీ అమ్మానాయనా యాడికి పోతారు?" అని అడిగి ఓ పొడుగు నోటుబుక్కులో రాసుకునేవారు. బ్యారన్లలో పొగాకు కాల్చే పని మార్చికల్లా అయిపోయినా, ఆకు పేర్చిన మండెల దగ్గర గ్రేడింగు మే దాకా సాగేది. ఆ ఇళ్లకు మే నెలాఖరున వెళ్లేవారు. బేల్దారి పనులకు పోయినవాళ్లు తిరునాళ్లకు వస్తారు కాబట్టి, తిరునాళ్ల రోజున గుడి దగ్గర చలివేంద్రం పక్కన నిలబడేవారు. తిరునాళ్లకు కూడా రాని వాళ్లకు ఉత్తరం రాసేవారు.

ఆ ఉత్తరం ఒకటి నేను చూశాను. మా పక్కింటివాళ్లు మద్రాసులో పనిలో ఉన్నారు. వాళ్ల అబ్బాయి నాకంటే ఓ తరగతి కింద. 15 పైసల పోస్టుకార్డు మీద, మేస్త్రీ చిరునామాకి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. పనిచేసే చోట ఎవరు చదివి వినిపించినా తడుముకోకూడదని అలా రాశానని మా నాయనతో అంటుంటే విన్నాను. "బడి 13న తెరుస్తాము. అబ్బాయిని ఆలోపు మీ అమ్మగారి దగ్గరకు పంపండి. తిండి సంగతి ఆమెతో మాట్లాడాను, ఉంచుకుంటానంది. పుస్తకాలు నేను చూస్తాను." అంతే ఉంది అందులో. తేదీ ఒక్కటే రాసి ఊరుకుంటే వాళ్లు పంపేవాళ్లు కాదు. అబ్బాయి ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు అన్నవి తేలితేనే ఆ తల్లికి తేదీతో పని. అయ్యవారు ముందు ముసలామె దగ్గరికి వెళ్లి, ఆమె ఒప్పుకున్నాకే కార్డు రాశారు. ఆ అబ్బాయి బడి తెరిచిన వారంలోపే వచ్చేశాడు.

ఒకటో తరగతిలో చేర్చుకోవడం ఓ తంతు. బర్త్ సర్టిఫికెట్లు ఎవరికీ ఉండేవి కావు. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందితే ఈడు వచ్చినట్టే. పుట్టిన తేదీ అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పేవి వేరే గుర్తులు. మా తమ్ముణ్ణి చేర్చడానికి వెళ్లినప్పుడు "ఎప్పుడు పుట్టాడమ్మా?" అంటే "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడే అయ్యా, గాలివాన అయిపోయిన కొన్నాళ్లకి" అంది మా అవ్వ. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. బడిలో వెయ్యాలంటే జూన్‌కి ఐదు నిండాలి. రిజిస్టరులో 1-6-1977 అని పడింది. వాడి ఆధార్ మీద ఈరోజుకీ అదే పుట్టినరోజు. మా ఊళ్లో నా ఈడువాళ్లలో చాలామంది జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్టు కాగితాలు ఉంటాయి. బడి తెరిచే నెలే మాకు పుట్టిన నెల అయింది.

నాకు బాగా గుర్తున్న ఎండాకాలం 1984ది. ఐదో తరగతి అయిపోయింది. ఆరులో చేరాలంటే నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకి నడిచిపోవాలి. అబ్బాయిల సంగతి సరే. ఆడపిల్లలం నలుగురం పాసయ్యాం. అంతకుముందు మా ఊరి నుంచి హైస్కూలుకి పోయిన ఆడపిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఓ సాయంత్రం అయ్యవారు మా ఇంటికొచ్చారు. సైకిలు వేపచెట్టుకి ఆనించి, నులకమంచం మీద కూర్చుని మజ్జిగ తాగారు. ముందు ఎద్దు కాలి పుండు గురించి అడిగారు, తర్వాత బావిలో నీళ్ల గురించి. నేను తలుపు వెనక నిలబడి ఎప్పుడు నా మాట వస్తుందా అని చూస్తున్నాను.

"జూన్ నెలాఖరులోపు చేర్చమన్నారు హైస్కూల్లో. టీసీ రాసి ఉంచాను," అన్నారు చివరికి.

"ఇత్తనాలు ఎయ్యనీ అయ్యవారూ, తర్వాత చూద్దాం," అన్నాడు నాయన.

అవ్వ ఊరుకోలేదు. "ఆడపిల్లని అంత దూరం యాడికి పంపేది అయ్యా? దోవలో ఏమన్నా అయితే ఎవరు అడగాల? ఓ ఏడాది ఆగితే కొంచెం పెద్దదవుద్ది, అప్పుడు చూసుకోవచ్చు."

అయ్యవారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "అమ్మా, ఏడాది ఆగిన ఆడపిల్ల మళ్లా బడికి రావడం నా సర్వీసులో నేను చూడలేదు."

ఆ మాట మా అమ్మకి తగిలింది. అమ్మ మూడో తరగతితో ఆగిపోయింది, అది కూడా 'ఓ ఏడాది' ఆగడమే. అంతవరకూ పొయ్యి దగ్గర ఉన్న మనిషి బయటికొచ్చి, "ఎవరెవరు పోతన్నారు అయ్యవారూ?" అని అడిగింది. ఆయన మిగతా మూడిళ్ల సంగతీ చెప్పారు. పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి, ఏ దోవన పోవాలి, ఆ దోవలో ఎవరి చేలున్నాయి, ఆ వేళకి అక్కడ ఎవరు ఉంటారు, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరతారు, అన్నీ చెప్పారు. అవన్నీ ముందే కనుక్కుని వచ్చారని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. నాయన "సరే" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. అనకపోవడమే ఒప్పుకోవడం.

చేరే రోజున ఆయనే మమ్మల్ని తీసుకెళ్లారు. సైకిలు నడిపించుకుంటూ ఆయన, వెనక మేం. టీసీలు పాత పేపరులో చుట్టి, ఖద్దరు సంచిలో పెట్టుకున్నారు. హైస్కూలు ఆఫీసు గదిలో ఆయన వాటిని ఒక్కొక్కటీ తీసి బల్ల మీద సర్దుతుంటే నా పేరున్నది చూశాను. పల్చటి కాగితం, మడత పెట్టిన చోట చిరుగు పడకుండా మడతే పెట్టలేదు. నా పేరు, నాయన పేరు, పుట్టిన తేదీ అంకెల్లో, కింద అక్షరాల్లో, గుండ్రటి రాత. ఓ మూల సమితి బడి స్టాంపు. నా పేరు అంత శుభ్రంగా ఎవరైనా రాయగా చూడటం అదే మొదలు.

బల్ల మీదకి మూడు టీసీలే వచ్చాయి. నాలుగోది సంచిలోనే ఉండిపోయింది.

ఆ అమ్మాయి మాలో అందరికంటే బాగా చదివేది. ఎక్కాలు ఇరవై దాకా తప్పులేకుండా అప్పజెప్పేది. ఆ మే నెలలో వాళ్లమ్మ కాన్పయింది. నాట్లు, కలుపు మొదలైతే తల్లి కూలికి పోవాలి, పసివాణ్ణి ఎవరు చూస్తారు? అయ్యవారు ఆ ఇంటికి ఎన్నిసార్లు తిరిగారో. పొద్దునా పోయారు, రాత్రీ పోయారు. వాళ్లు ఆయన్ని ఎప్పుడూ కాదనలేదు. "పంపుతాం అయ్యవారూ, పిల్లోడు కూర్చోనీ" అన్నారు. తర్వాత "పాకనీ" అన్నారు. జూలై పోయింది, ఆగస్టు పోయింది. మేం హైస్కూలుకి పోయేటప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని ఊరి బయట దాకా మాతో వచ్చి, అక్కడ ఆగిపోయేది. ఆ టీసీ ఆయన దగ్గరే ఉంది. రిటైరయ్యేటప్పుడు కూడా పారెయ్యలేదని వాళ్లింట్లోవాళ్లు చెప్పారు.

1996 డీఎస్సీలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగు మార్కాపురం వైపు. అప్పట్లో దేశంలో చాలాచోట్ల పిల్లలు దిద్దుకునే రాతిపలకలు అక్కడివే. ఆ పలకలకు రంగు వేసే, చట్రాలు బిగించే పనుల్లో బడి ఈడు పిల్లలు ఉండేవాళ్లు. 1988లో కేంద్రం బాలకార్మికుల కోసం జాతీయ పథకం పెట్టినప్పుడు మొదట ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. నా మొదటి వేసవిలో ఆ వీధుల్లో తిరుగుతూ ఓ గడప ముందు నిలబడి, లోపల ఓ పాప పలకల దొంతర మోస్తుంటే చూసి నాకు నోట మాట రాలేదు. ఆ పాప వేళ్లనిండా నల్లరంగు.

అప్పటికి బడి ఈడు పిల్లల సర్వేలు, ర్యాలీలు వచ్చాయి. తర్వాత బడిబాట అని పేరు స్థిరపడింది. తెలంగాణలో ఆచార్య జయశంకర్ గారి పేరుతో ఇప్పటికీ ఏటా జూన్‌లో నడుస్తోంది. ప్లకార్డులు పట్టుకుని, పిల్లలతో నినాదాలు ఇప్పిస్తూ ఊరంతా తిరుగుతాం. ర్యాలీలు వద్దని నేను అనను, ఊళ్లో ఓ సందడి వస్తుంది. కానీ పొద్దున పదింటికి ర్యాలీ తీస్తే వీధిలో ఉండేది ముసలివాళ్లూ, కుక్కలూ. మనం ఎవరితో మాట్లాడాలో వాళ్లు ఆరింటికే పనికి పోయారు. నేను ర్యాలీ అయ్యాక ఇంటికెళ్లి, సాయంత్రం ఏడు దాటాక మళ్లీ బయల్దేరేదాన్ని. పొయ్యి వెలిగించిన వేళకి వెళితే తల్లి మాట్లాడుతుంది. తండ్రి తాగి రాకముందే వెళ్లాలన్నది కూడా అనుభవం మీద తెలిసిందే.

ఆ రోజుల్లో ట్రైనింగుల్లో రంగారెడ్డి జిల్లా ముచ్చట చెప్పేవారు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో పెట్టి, వాళ్ల ఈడుకి తగిన తరగతికి సిద్ధం చేసి బడుల్లో చేర్పించారు. ఆ కృషికే 2003లో ఆవిడకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. పన్నెండేళ్ల పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో నాలుగో రోజుకి మానేస్తుంది. చేరమని గుర్తుచేయడం సగం పనే, చేరాక ఎక్కడ కూర్చుంటుందో చూడటం మిగతా సగం. ఇది నాకు వాళ్ల పని గురించి విన్నాకే బోధపడింది.

మొదట్లో హాజరు బాగుంటే పిల్లకి నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవారు. 2003లో బడిలోనే వండిపెట్టడం మొదలైంది. ఆ జూన్‌లో నేను చెప్పాల్సిన మాటల్లో సగం తగ్గిపోయాయి. "మధ్యాహ్నం అన్నం పెడతారంట గదా?" అని తల్లులే అడిగారు. తల్లుల ఖాతాల్లో డబ్బు వేసే పథకాలు వచ్చాక, 2020లో అమ్మ ఒడి అయినా, 2025లో తల్లికి వందనం అయినా, వాళ్లే మాకు ఫోన్ చేసి "టీచర్, పేరు ఎక్కిందా?" అని కనుక్కుంటున్నారు. సంతోషమే. డబ్బు కోసం చేర్చారని కొందరు తీసిపారేస్తుంటారు, నాకు ఆ మాట నచ్చదు. కూలి పోగొట్టుకుని పిల్లని బడికి పంపే ఇంట్లో ఆ డబ్బు విలువ వాళ్లకి తెలుసు.

ఇప్పుడు వేసవి వస్తే ఊరి మలుపులో 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న ఫ్లెక్సీలు. పొద్దున్నే పేపరు మడతలో రంగుల కరపత్రం, తర్వాత మైకు కట్టిన ఆటో. ప్రైవేటు బడుల్లో పనిచేసే టీచర్లకు ఎంతమందిని చేర్చాలో లెక్క ఇచ్చి ఎండలో తిప్పుతారు. వాళ్లు ఎదురైతే నీడలోకి పిలిచి మంచినీళ్లు ఇస్తాను. మా బడుల్లోనూ లెక్కలే. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. చట్టం ప్రకారం అరవైమంది దాకా ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు, ఆ పైన సంఖ్యను బట్టి. అందరికీ టెన్షనే.

ఫోన్లు వచ్చాక తేదీలు చెప్పడం తేలికైంది. వాట్సాప్ గ్రూపులో ఒక్కసారి పెడితే అందరికీ పోతుంది. చదవలేని తల్లుల కోసం నేను వాయిస్ మెసేజ్ పెడతాను, వింటారు. చిక్కు ఎక్కడంటే, వలస వెళ్లినవాళ్ల నంబరు నిలకడగా ఉండదు. ఊరు మారితే సిమ్ మారుతుంది, రీచార్జి లేకపోతే మూగబోతుంది. గురుకులం, కేజీబీవీ, నవోదయ, ప్రైవేటు బడిలో పేద పిల్లలకు ఇచ్చే 25 శాతం సీట్లు, అన్నిటికీ ఆన్‌లైన్ దరఖాస్తులే, అన్నిటికీ గడువులే. గడువు దాటితే వెబ్‌సైట్‌కి ఎవరి కాన్పూ, ఎవరి వలసా తెలియదు. అందుకని పిల్లని చేర్చుకునేటప్పుడే నేను ఇంకో నంబరు కూడా రాసుకుంటాను. చిల్లర కొట్టుదో, మేనత్తదో, మేస్త్రీదో.

మేం కంప్యూటర్‌లో పిల్లల వివరాలు ఎక్కించే చోట డ్రాప్‌బాక్స్ అని ఒకటి ఉంటుంది. ఓ బడి వదిలి ఇంకో బడిలో చేరని పిల్లల పేర్లన్నీ అందులో పడి ఉంటాయి. ప్రతి జూన్‌లో ఆ జాబితా తెరిచి పేరుపేరునా వెతుకుతాం. ఈ ఏడాది అందులో ఓ ఆడపిల్ల పేరు కనిపించింది. మా పరిధి ఊరిదే, తల్లిదండ్రుల వెంట పోయి ఐదో తరగతి వేరే జిల్లాలో పూర్తి చేసింది. ఇప్పుడు వాళ్లు బెంగళూరులో బేల్దారి పనిలో ఉన్నారు. తల్లి ఫోన్ స్విచాఫ్. మేస్త్రీ నంబరు దొరికింది. రాత్రి తొమ్మిదింటికి తల్లి మాట్లాడింది.

"పంపుదామనే ఉంది టీచర్. చిన్నోడికి మూడో ఏడు. నేను పనిలో ఉంటే వాణ్ణి ఎవరు చూడాల? స్లాబు పడేదాకా ఆగండి, తర్వాత పంపుతా."

ఆ మాట వినగానే నాకు చంకలో తమ్ముడితో ఊరి బయట ఆగిపోయిన నా స్నేహితురాలు కళ్లముందు నిలబడింది. 1984లో మా ఊళ్లో అంగన్‌వాడీ లేదు. ఇప్పుడు ఈ ఊళ్లో ఉంది. మర్నాడు అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడాను, పిల్లాణ్ణి పొద్దున చేర్చుకుని మధ్యాహ్నం తిండి పెట్టి ఉంచుతానంది. సాయంత్రం వాళ్ల అవ్వ ఇంటికెళ్లి, మధ్యాహ్నం తర్వాత పిల్లాణ్ణి చూసుకోవడానికి ఒప్పించాను. అప్పుడు తల్లికి మళ్లీ ఫోన్ చేశాను.

జూన్ మూడో వారంలో తాత వెళ్లి ఇద్దరినీ తీసుకొచ్చాడు. పాత బడి నుంచి టీసీ ఇంకా రాలేదు. టీసీ ఆలస్యమైందని పిల్లని చేర్చుకోకుండా ఉండటానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఆరో తరగతిలో పేరు రాసుకుని, పుస్తకాలు ఇచ్చి, చేరిందని తల్లికి మెసేజ్ పెట్టాను. సాయంత్రం పని దిగాక ఆమే ఫోన్ చేసి, యూనిఫాం గుడ్డ ఎప్పుడిస్తారు, కుట్టుకూలి ఎంతవుద్ది అని అడిగింది.